మా అయ్య కిర్రు చెప్పులు

ఏడేళ్లుగా ఒక తప్పును మోస్తున్నాను. మా అప్పకు, అంటే మా అక్కకు, సగం తెలుసు. మిగతా సగం ఎవరికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను రోడ్ల ఓవర్సీరును. వరస సంఖ్యలు వేసి రాసుకుంటే తప్ప నాకు ఏదీ బుర్రకెక్కదు. మా అమ్మకు మతి తప్పడం మొదలైనప్పుడు కూడా ఒక పుస్తకం పెట్టాను. ఒకటి, ఎసరు పెట్టి మరిచింది. రెండు, తాగిన గంజి తాగలేదంది. మూడు, అప్పను పొరుగింటావిడ అనుకుంది. ఇలా పేజీలు నిండాయి.

నేను రాసేవాడిని. చేసేది అప్ప. చిన్నతనంలోనే భర్త పోయి మా ఇంటికి వచ్చేసిన మనిషి. అమ్మకు నీళ్లు పోయడం, తినిపించడం, పక్కబట్టలు ఉతకడం, కొబ్బరితోటల్లో పడి సముద్రం వైపు నడిచిపోతే వెతికి తేవడం, అన్నీ ఆమే. ఒకరోజు నా పుస్తకం చూసి అంది: “రోడ్లు కొలిసినట్టు అమ్మని కొలిసి రాసుకుంతన్నావేట్రా? ఓ పూట పక్కబట్టలుతుకు, అప్పుడు తెలుత్తాది.” నేను నవ్వి పుస్తకం మూశాను. సెలవు పెట్టవచ్చు. పెట్టలేదు.

అన్నిటికన్నా కష్టం చుట్టతో. మా వైపు ఆడవాళ్లలాగే అమ్మ కూడా నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చేది. మతి తప్పాక, వెలిగించిన చుట్టను ఎక్కడ పెట్టిందో మరిచిపోయేది. రెండుసార్లు చాప అంటుకుంది. చుట్ట లాక్కోబోయిన అప్పను కొరికేది.

ఒక వానాకాలం సాయంత్రం నా బూట్లు తడిసిపోతే, అటక మీదున్న మా అయ్య కిర్రు చెప్పులు దించి తొడుక్కున్నాను. అయ్య పోయి అప్పటికి నాలుగేళ్లు. లోపల అమ్మ చుట్ట కోసం అప్పతో పెనుగులాడుతోంది. నేను అరుగు మీద మూడడుగులు వేసి దగ్గాను. గదిలో చప్పుడు ఆగిపోయింది. తొంగి చూస్తే అమ్మ చుట్టను కింద పడేసి, ముసుగు లాక్కుని, మూలకు ఒదిగి కూర్చుంది.

అప్ప చుట్ట మీద నీళ్లు చల్లి, గోడకు చేరగిలబడి నవ్వింది. అలసిపోయిన నవ్వు. “ముసిలాయన సచ్చి కూడా పనికొచ్చినాడ్రా.”

నేనూ నవ్వాను. పుస్తకంలో రాశాను: మూడడుగులు, ఒక దగ్గు, ఫలితం వెంటనే.

ఆ తరవాత రోజూ పొద్దున, సాయంత్రం అదే పని. అమ్మ మాట వినేది. అప్పకు గంటసేపు నిద్ర దొరికేది. కొన్నాళ్లకు అప్ప నవ్వడం మానేసింది. “నువ్వు లేనప్పుడు నన్ను మాత్రం ఆ సెప్పులు తొడుక్కోమనకు” అంది. ఎందుకని నేను అడగలేదు. అడగవలసిన అవసరం నాకుందా? చిన్నప్పుడు వీధి మలుపులో ఆ కిర్రు వినపడగానే అమ్మ నన్ను ధాన్యం గాదె వెనక్కి తోసేది. గాదె వెనక నుంచి నేను విన్నవి ఇక్కడ రాయను. ఆ చప్పుడుకు ఆమె ఎందుకు ఒదిగిపోతుందో నాకన్నా బాగా ఎవరికి తెలుసు?

ఇంతవరకు అప్పకు తెలిసిన సగం.

ఒక మధ్యాహ్నం అప్ప చెరువుకు వెళితే గంజి తాగించడానికి నేను అమ్మ పక్కన కూర్చున్నాను. వట్టి కాళ్లతోనే ఉన్నాను. ఆమె నన్ను పోల్చుకోలేదు.

“బాబూ, టెక్కలి దోవన పోతావేటి?”

“పోతాను.”

“అక్కడ మా సిన్నోడు సదువుకుంతన్నాడు. ఆడికో కబురు సెప్పు. వచ్చి నన్ను తీసుకుపొమ్మను.”

“ఏటైందమ్మా ఇక్కడ?”

ఆమె వాకిలి వైపు చూసి గొంతు తగ్గించింది. “ఆయన మళ్లీ రోజూ వత్తన్నాడు. నాను సెప్పినట్టు ఆయనకి తెలీనీకు.”

“సెప్తాను” అన్నాను.

మా ఇంట్లో చిన్నోణ్ణి నేనే.

ఆ సాయంత్రం అమ్మ మళ్లీ చుట్ట వెలిగించింది. అప్ప పిలిచింది. బల్ల మీద వంతెన నక్షా సగంలో ఉంది. లేచి వెళ్లి చెప్పులు తొడుక్కున్నాను.

పొరపాటున కాదు. కోపంతో కూడా కాదు. ఆ మాటలు ఇంకా చెవిలో ఉండగానే, అది త్వరగా తెమిలే పని కనుక చేశాను. అమ్మ పోయేదాకా, ఇంకో ఎనిమిది వారాలు, చేస్తూనే ఉన్నాను. అప్పకు నిద్ర కావాలన్నది నిజమే. కానీ నేను అమ్మ పక్కన కూర్చుని ఉంటే కూడా అప్పకు ఆ నిద్ర దొరికేది కాదా? దినాలనాడు ఊరివాళ్లు కొడుకంటే నీలాగుండాలన్నారు. తలవంచుకుని విన్నాను. వినయం అనుకున్నారు.

అమ్మను ఎవరు భయపెట్టారని అడిగితే అయ్య పేరు చెప్పవచ్చు. చివరి మూడు నెలలు మాత్రం ఆ చెప్పుల్లో అయ్య లేడు. నేనున్నాను.

ఆమె కబురు చిన్నోడికి ఆ మధ్యాహ్నమే అందింది. వాడు వెళ్లలేదు. ఈ రెండు వాక్యాలు రాయడానికి నాకు ఏడేళ్లు పట్టింది. ఇప్పటికి రాశాను.