మొలుస్తాయి అని రాశాను

మా ల్యాబ్‌లో ధమనుల్ని కోసి స్లైడ్లు తయారుచేసే టెక్నీషియన్ సార్ సోమవారం పొద్దున, తార్నాకలో తమ ఇంటి మెట్లు దిగుతూ కూలబడి, పోయారు. గుండెపోటు. గురువారం ఆయనకు బైపాస్ జరగాల్సి ఉంది. నిజానికి అది పోయిన నెలలోనే అయిపోవాలి. ఎందుకు కాలేదో దాచి, ఆయన గురించి మీకు ఎంత మంచి రాసినా అబద్ధమే అవుతుంది.

క్యాంపస్‌కు వచ్చిన మొదటి వారం నాకు కోత నేర్పింది ఆయనే. మైనంలో పొదిగిన కుందేలు ధమనిని వెంట్రుక కన్నా పల్చగా కోసి, గోరువెచ్చని నీళ్ల మీదికి వదిలి, కుంచెతో ముడతలు తీసేవారు. అంతసేపూ ఊపిరి బిగబట్టేవారు. "తొందరవడితే ముక్క చినుగుతది బిడ్డా," అనేవారు. చినిగినదాన్ని పారేయనిచ్చేవారు కాదు. "ఉత్తగ రాలే. కుందేలు పానమిచ్చింది."

విభాగం గోడపత్రికకు నేనొక వ్యాసం రాశాను, రక్తనాళాల్ని పెంచే ప్రోటీన్ గురించి. 'రక్తం అందని గుండెలో కొత్త నాళాలు మొలుస్తాయి' అన్నాను. 'మొలవవచ్చు, ఇంకా పరీక్షిస్తున్నారు' అంటే వాక్యం నీరసంగా అనిపించింది. 'మొలుస్తాయి' నాకు అంత నచ్చింది. ఆయనకూ నచ్చింది. ఫోన్‌లో ఫొటో తీసుకున్నారు. ఆపరేషన్ వాయిదా వేయించుకున్నారని తర్వాత తెలిసింది.

"ఛాతీ కోసుడెందుకు? నీ మందు వస్తది గద," అన్నారు.

"అది మందు కాదు సార్, ఇంకా..."

"ఎట్ల గాదు? నువ్వే రాసినవ్, మొలుస్తయని!"

ఆ వారమే, ఆయన కోసిన స్లైడ్లలోనే చూశాను. ఆ ప్రోటీన్ ఇచ్చిన కుందేళ్లలో కొత్త నాళాలు మొలిచాయి. కానీ ధమని గోడకు పట్టిన కొవ్వు పూడిక లోపల. మరీ పల్చని నాళాలు. వాటిలోంచి రక్తం కారి పూడిక ఉబ్బింది. ఒకచోట పగిలింది. గుండెపోటు తెచ్చేది అలాంటి పగులే.

ఆయన్ని పిలిచి చూపించడానికి నాకు రెండు రోజుల ధైర్యం కావలసి వచ్చింది. ఆయన కుర్చీ జరుపుకొని మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు.

"ఏడున్నయి?"

"ఆ గోధుమరంగు చుక్కలు సార్."

"మొలిచినయి గద మరి."

"మొలిచాయి సార్. కారుతున్నాయి. నేను రాసింది తప్పు."



"రేపే దవాఖానకు వోత. మళ్ల తేదీ అడుగుత," అన్నారు చివరికి. "నువ్వు ఏడ్వకు. స్లైడ్ తడుస్తది."

ఆ తర్వాత ఒక్కసారి కూడా నన్ను ఒక్క మాట అనలేదు. అప్పుడు మాత్రం తల ఎత్తలేదు. కుడిచెయ్యి స్లైడును ఒక చుక్క మీది నుంచి ఇంకో చుక్క మీదికి మెల్లగా జరుపుతోంది. ఎడమచెయ్యి చొక్కా మీద, గుండె దగ్గర, కదలకుండా ఆగి ఉంది.