దిగనన్న మంచం

అత్తగారికి తుంటి ఎముక విరిగి రెండు నెలలైంది. ఆవిడ కోసం తెచ్చిన కరెంటు మంచం రిమోట్‌లో ఒక బటన్ నొక్కితే తల వైపు లేస్తుంది, ఇంకో బటన్ నొక్కితే దిగుతుంది. ఆ మధ్యాహ్నం భోజనం పెట్టడానికి కోడలు మంచం ఎత్తింది. తిన్నాక దించబోతే దిగే బటన్ పలకలేదు. ఎక్కువసేపు కూర్చోబెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పి ఉన్నాడు. మంచం అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే రేపు మనిషిని పంపిస్తామన్నారు.

కోడలిని వీధిలో అందరూ టైలరమ్మ అంటారు. కుట్టుమిషన్ మోటారు పాడైనప్పుడల్లా ఇంకొకరి కోసం కాచుకోలేక, తన షాపు పక్కనున్న రేడియో మెకానిక్ దగ్గర పదిహేను రోజులుగా టంకం వేయడం నేర్చుకుంటోంది. ఇంట్లో టంకం వేసే కడ్డీ ఉంది, సాధన చేయమని ఆయనిచ్చిన పాత బటన్లున్నాయి. ఇదెంత పనిలే అనుకుంది.

ప్లగ్గు పీకి, రిమోట్ విప్పి లోపలి సర్క్యూట్ బోర్డు బయటికి తీసింది. పాడైన బటన్‌కు నాలుగు కాళ్లు, నాలుగూ బోర్డుకు టంకంతో అతికి ఉన్నాయి. మూడు తేలిగ్గానే ఊడాయి. నాలుగోదాని టంకం పూర్తిగా కరగకముందే స్క్రూడ్రైవర్‌తో మీటింది. కాలితోపాటు దాని చుట్టూ ఉన్న రాగి వలయం కూడా పొట్టులా లేచొచ్చింది. మెకానిక్ ఇచ్చిన బటన్ పెట్టి అక్కడ టంకం వేస్తే అంటుకోకుండా పూసలా దొర్లింది. మళ్లీ కాల్చింది. ఇంకోసారి కాల్చింది. బోర్డు కమిలి వాసన కొట్టింది.

మెకానిక్‌కు ఫోన్ చేసింది.

"ముందా కడ్డీ పక్కన పెట్టమ్మా," అన్నాడాయన అంతా విని. "రాగి ఊడిన చోట నువ్వెంత కాల్చినా అంటదు. పావుగంట చల్లారనియ్. తర్వాత చెప్తా."

ఆ పావుగంట ఆమెకు గడవలేదు. వంటింట్లోకి వెళ్లింది, ఎందుకొచ్చిందో గుర్తులేక తిరిగొచ్చింది. కడిగిన గ్లాసునే మళ్లీ కడిగింది. అత్తగారి నడుము కింద దిండు సర్దింది, తీసింది, మళ్లీ పెట్టింది.

"కాస్త కూర్చోవే. నువ్వు తిరుగుతుంటే నా తల తిరుగుతోంది," అంది అత్తగారు.

"నొప్పిగా ఉందా అత్తయ్యా?"

"ఉంది. అది సరే గానీ, ఒక మాట చెప్తా, కోప్పడకు." ఆవిడ గోడ వైపు చూసింది. "ఆ బటన్ దానంతటది పాడవలేదు. నువ్వు షాపుకెళ్లాక పొద్దస్తమానం నొక్కుతూనే ఉన్నాను. పూర్తిగా పైకి లేస్తే కిటికీలోంచి వీధి మలుపు కనపడుతుంది. కాసేపు చూస్తాను, నడుము లాగితే దిగుతాను. మళ్లీ లేస్తాను. ఎంతసేపని ఈ గోడను చూడను?"

టైలరమ్మ కిటికీ వైపు చూసింది. రెండు నెలలుగా వేళకు మందులు, వేళకు అన్నం పెట్టింది. ఆవిడకు ఏం కనపడుతోందో ఒక్కసారీ అడగలేదు.

ఫోన్ మోగింది. మెకానిక్ చెప్పినట్టు బోర్డును వెలుతురుకు ఎత్తి పట్టింది. ఊడిన చోటు నుంచి సన్నటి రాగి గీత బోర్డు మీది పచ్చరంగు కింద పాకుతూ పోయింది. దాని మీద రంగును బ్లేడుతో కొద్దిగా గీకితే రాగి మెరిసింది. పాత వైరులోంచి ఒక్క పోగు లాగి, ఒక కొస బటన్ కాలికి చుట్టింది, రెండోది ఆ మెరుపు మీద ఆనించింది. ఊపిరి బిగబట్టి కడ్డీ తాకించి, వెంటనే తీసేసింది. ఈసారి టంకం పరుచుకుంది.

రిమోట్ బిగించి, ప్లగ్గు పెట్టి నొక్కింది. మంచం మూలిగింది. నెమ్మదిగా దిగింది. అత్తగారు కళ్లు మూసుకుని పొడుగ్గా ఊపిరి వదిలింది. అయినా టైలరమ్మకు నమ్మకం చాలక ఇంకో రెండుసార్లు ఎత్తి దించింది.

"చాల్లేవే, నేనేమన్నా ఉయ్యాలెక్కానా," అంది అత్తగారు.

మర్నాడు పొద్దున మెకానిక్ వచ్చి రిమోట్ విప్పి చూశాడు. "అందంగా లేదు, గట్టిగా ఉంది," అన్నాడు. ఆమె ఆ మాట వింటూనే మంచానికి రెండో వైపు చేరింది.

"ఓ చెయ్యి వేయండి మాస్టారూ. దీన్ని కిటికీ పక్కకు జరపాలి."