ఎడమ చేతి బోణీ

మా ఉప్పలయ్య బావకు ఒక్కటే పిచ్చి. ఏ మిషన్ కొన్నా ఎడమ చేత్తోనే పట్టి సూస్తడు. పుట్టుకతోని ఎడమచేతివాటమా అంటే కాదు. తినేది కుడిచేత్తో, మీసం దువ్వేది కుడిచేత్తో, నన్ను తిట్టేటప్పుడు లేపేది కూడ కుడిచెయ్యే. నాచారంల నా టూల్స్ దుకాణం మెట్లెక్కంగనే మాత్రం ఆ చెయ్యి జేబుల వోతది.

బావ టైల్స్ మేస్త్రి. ఉప్పల్ నుంచి చెంగిచెర్ల దాక ఆయన గ్యాంగుకు మస్తు పేరు. ఆ పేరు సగం గ్యాంగుల టైల్స్ కోసే దయాకర్ కటింగుతోనే వచ్చింది. మొన్న వానాకాలం దయాకర్ బండి మీదికెళ్లి పడ్డడు. కుడిచేతి బొటనవేలు కట్టెలెక్క బిగుసుకపోయింది. "వాచ్‌మెన్ పని సూస్కో" అన్నరందరు. పాపం, ఆ మనిషి ఇంట్లకెళ్లి బయటికొస్తలేడు.

గప్పటిసందే బావకు ఈ పిచ్చి.

ఒకనాడు ఊదుబత్తి ఆరకముందే దిగిండు. "టైల్స్ కోసే గ్రైండర్లు సూపియ్యి." కొత్త మాడల్ ఇయ్యవోతే ఎడమచెయ్యి సాపిండు.

"బోణీ టైంల ఎడమ చెయ్యేంది బావా!"

"నీ బోణీకేం గాదు తియ్. ఈ స్విచ్చు వేలికి అందుతలేదు. ఇంకోటి."

"కుడిచేత్తో పట్టు, అందుతది!"

"నిన్నడిగిన్నా?"

డబ్బాలన్ని ఇప్పించిండు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆఖరికి పై అరలకెళ్లి దుమ్ము దులిపి ఒకటి దించిన. స్విచ్చు కిందున్నది, వత్తితే నడుస్తది, వదిలితే ఆగుతది. పిడి ఏ దిక్కైనా బిగించొచ్చు.

"ఇసొంటివి నాలుగియ్యి."

"నీ మనుషులంత కుడిచేతోళ్లే గద!"

"రేపటిసంది ఎడమచేతోళ్లు. మేస్త్రిని నేనా, నువ్వా?"

పిచ్చి పూర్తిగ ముదిరిందనుకున్న.

వారం తర్వాత బ్లేడ్లు ఇద్దామని ఉప్పల్ సైటుకు వోయిన. గ్యాంగంత ఎడమచేత్తో పాత టైల్స్ కోస్తున్రు. ఒక్కడిది సక్కగొస్తే ఒట్టు. బావదైతే మరీ అన్యాయం. నడుమ కూసోని కడుపు పట్టుకొని నవ్వుతున్నది ఎవరో గాదు, దయాకర్! ఆయన ఎడమచేత్తో కోసిన గీతొక్కటే తిన్నగున్నది.

"ఏంది బావా ఇది?"

బావ చెవిల చెప్పిండు. "ఎడమచేత్తో వంకర కోస్తే నవ్వుతరని ఈయన పనికి రానన్నడు. ఇప్పుడు ఎవ్వడు ఎవ్వన్ని సూసి నవ్వుతడు?" మళ్ల గట్టిగ ఒర్రిండు. "దయాకర్! జర మాకు నేర్పరాదు!"

నా బావ అని చెప్పుకునేటందుకు నాకు ఎంత గర్వమైందో!

తెల్లారి దయాకరే బ్లేడుకు వచ్చిండు. పైసలు ఎడమచేత్తో సాపి, బోణీ టైమని యాదికొచ్చి ఎనకకు తీసుకోవోయిండు. నేనే నా ఎడమచెయ్యి సాపిన. "ఇటియ్యి తమ్మీ. మన దుకాణంల గిప్పుడు గిదే పద్ధతి."

మెట్ల మీద నిలబడ్డ ఉప్పలయ్య, కుడిచేత్తో మీసం దువ్వుకుంట అన్నడు:

"బోణీ టైంల ఎడమ చెయ్యేంది బావా!"