ఒంట్లో బాగున్నవాళ్ళు తినని బ్రెడ్డు

మొన్న ఆదివారం మా కోడలు కొత్తగా కొన్న బుల్లి ఓవెన్‌ని వంటగట్టు మీద మిక్సీ పక్కన పెట్టుకుని, దాంతోపాటు వచ్చిన పుస్తకాన్ని పరీక్షకి చదివినట్టు చదువుతూ, మొట్టమొదటిసారి ఇంట్లో బ్రెడ్డు చేసింది. బాగానే వచ్చింది. సగం కోసి పళ్ళెంలో పెట్టి ఎదురు ఫ్లాటు వాళ్ళకి ఇచ్చి రమ్మంది. ఎదురింటావిడ తలుపు తీసి, అబ్బ ఎంత బాగుందండీ అంటూ గుమ్మంలోనే ఓ ముక్క తుంచి నోట్లో వేసుకుంది. నేను అక్కడే నిలబడిపోయాను. ఎవరికండీ ఒంట్లో బాగాలేదు అని ఆవిడ అడుగుతుందని ఎదురుచూశాను కాబోలు. అడగలేదు.

మీలో నా ఈడు వాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మన చిన్నప్పుడు బ్రెడ్డంటే జ్వరం. డాక్టరు థర్మామీటరు విదిలించి, అన్నం ఆపి పాలూ బ్రెడ్డూ పెట్టండి అంటే, అప్పుడు ఎవరో ఒకరు సైకిలేసుకుని వెళ్ళి తెచ్చేవాళ్ళు. ఆ పొట్లం కట్టిన కాగితం చూస్తే చాలు, వీధంతా ఎవరికి టైఫాయిడ్ అని పరామర్శకి దిగేది. ఒంట్లో బాగున్నవాడు బ్రెడ్డు ముట్టుకోవడమంటే కోరి మంచమెక్కడమే.

అలాంటి డెబ్భైల్లో మా మేనత్త, పటమటలో మా ఇంట్లో కూర్చుని, బ్రెడ్డు అమ్ముకుని బతుకుదామనుకుంది. ఎంత పిచ్చి మనిషో చూడండి! నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. హనుమాన్ జంక్షన్‌లో లారీ ఆఫీసు నడిపే మావయ్యకిచ్చి చేశారు. నలుగురిలో ఆయనంత మర్యాదస్తుడు లేడు, ఇంట్లో మాత్రం చెయ్యి ఊరుకునేది కాదు. ఓ వేసవిలో అత్తయ్య చిట్లిన పెదవితో, ఒక్క ట్రంకుపెట్టెతో బస్సు దిగి వచ్చేసింది. నాన్న చెడ్డవాడేం కాదు గానీ లోకానికి జడిసే మనిషి. దసరా దాకా ఉండు, ఈలోగా నీ కాళ్ళ మీద నువ్వు నిలబడితే సరే, లేకపోతే నేనే తీసుకెళ్ళి దిగబెడతాను అన్నాడు. అత్తయ్య తలూపింది.

మరి ఆవిడకి ఓవెన్ ఎక్కడిదంటే, అత్తయ్యకి పెళ్ళికి ముందు కుట్టుపని నేర్పిన ఆంగ్లో ఇండియన్ టీచరమ్మ ఒకావిడ ఆ వేసవిలోనే రైల్వే క్వార్టర్సు ఖాళీ చేసి వెళ్ళిపోతూ ఇచ్చిపోయింది. గుండ్రటి అల్యూమినియం గిన్నె, లోపల కరెంటు తీగచుట్ట, మూత మీద చిన్న గాజుబిళ్ళ, అంతే. చేసే పద్ధతి నోటితో చెప్పింది, అత్తయ్య సగం విని సగం మరిచిపోయింది. ఇడ్లీపిండికి మల్లే రాత్రే కలిపి ఉంచితే పొద్దున్నకి మైదా పొంగి గిన్నె దిగి గట్టంతా పాకింది. ఇంట్లో కల్లుపాక పెట్టావేంటమ్మాయ్ అని అమ్మ ముక్కు మూసుకుంది. మినపరొట్టె కాల్చే అలవాటుకొద్దీ మాటిమాటికీ మూత తీసి చూస్తే రెండోది నడుమ కూలబడింది. సాయంత్రం వీధిలో దీపాలన్నీ వెలిగేసరికి ఓల్టేజి పడిపోయి మూడోది లోపల పచ్చిగా ఉండిపోయింది. మధ్యాహ్నం పూట కరెంటు నిలకడగా ఉంటుందని కనిపెట్టాక, అయిదోసారికి కాబోలు, ఎర్రగా కాలిన బ్రెడ్డు చెక్కుచెదరకుండా బయటికొచ్చింది. అత్తయ్య ఊరికే దాన్ని తడిమి తడిమి చూసుకుంది. మా ఇంటికొచ్చాక ఆవిడ నవ్వడం అదే మొదలు.

ఇక అమ్మకం. వానలు పడ్డాయి, వీధిలో జ్వరాలు మొదలయ్యాయి, ఎవరింట్లో ఎవరు మూలుగుతున్నారో నేనూ తమ్ముడూ కూపీ లాగి చెప్పేవాళ్ళం. అత్తయ్య బుట్ట మీద తడిగుడ్డ కప్పుకుని వెళ్ళేది. ఆ రెండు నెలలూ బాగానే అమ్ముడుపోయింది. ఓసారి నేను పరిగెత్తుకొచ్చి, పోస్టుమాస్టరు గారింట్లో ముగ్గురికీ వచ్చేసిందత్తయ్యా అని అరిస్తే ఆవిడ మొహం విప్పారింది. మరుక్షణం లెంపలు వాయించుకుని, దేవుడి పటం ముందు చాలాసేపు కూర్చుంది. ఆ రోజు పిండి కలపలేదు.

వానలు వెనకబట్టాయి. జనం కోలుకున్నారు. అత్తయ్య ఇంటింటికీ తిరిగి, జ్వరం లేకపోయినా తినొచ్చండీ, టీలో ముంచుకుంటే బాగుంటుందండీ అని చెప్పుకొచ్చింది. వినేవాళ్ళేరీ? పైగా బుట్ట పట్టుకుని ఆవిడ ఎదురొస్తే అపశకునం అనుకోవడం మొదలైంది. చివరికి పోస్టుమాస్టరు గారి భార్యే, తన పిల్లలు ఆ బ్రెడ్డు తినే లేచి తిరుగుతున్నా, తలుపు సగం మూసి, మా ఇంట్లో అందరూ బాగానే ఉన్నారమ్మా, నువ్వింక మా గుమ్మంలోకి రావద్దు అనేసింది. నేను పక్కనే ఉన్నాను. అత్తయ్య బుట్ట ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని ఇంటికి నడిచింది.

దసరా వచ్చింది, వెళ్ళింది. నాన్న మావయ్యకి ఉత్తరం రాశాడు. బయల్దేరే రోజున అత్తయ్య ఆఖరిసారిగా బ్రెడ్డు కాల్చి, ముక్కలు కోసి, నెయ్యి రాసి పంచదార చల్లి మా ముందు పెట్టింది. నాన్న పేపర్లోంచి తలెత్తలేదు. పథ్యం తిండి ఇప్పుడెందుకమ్మాయ్ అని అమ్మ వంటింట్లోకి వెళ్ళింది. తమ్ముడు వీధిలోకి తుర్రుమన్నాడు. నాకు జ్వరం లేదుగా అత్తయ్యా అన్నాను నేను. లేదమ్మా, నీకెందుకొస్తుంది అని నా నుదుటి మీద చెయ్యి వేసి, ముక్కలన్నీ అమ్మకానికి పొట్లాలు కట్టే కాగితంలో చుట్టేసింది. నాన్న ఆవిణ్ణి బస్సెక్కించి తీసుకెళ్ళి హనుమాన్ జంక్షన్‌లో దిగబెట్టి వచ్చాడు.

ఓవెన్‌ని అమ్మ స్టీలు సామాన్లవాడికి వేసి ఓ మూతగిన్నె తీసుకుంది. అత్తయ్య మావయ్య ఇంట్లో ఇంకో పదేళ్ళు బతికింది. ఎలా బతికిందో ఆవిడ చెప్పలేదు, మేమెవరమూ అడగలేదు. అడిగి ఏం చేస్తాం అనుకున్నాం.

ఇప్పుడు పటమటలో అడుగుకో బేకరీ. పొద్దున్నే ఇడ్లీ పెట్టే తీరిక లేక పిల్లలకి బ్రెడ్డు ముక్కలే డబ్బాల్లో సర్ది పంపిస్తున్నాం. ఆడపిల్లలు ఇంట్లోనే చేసి ఫోను మీద అమ్ముకుంటున్నారు, ఎవరూ వాళ్ళ మొహాన తలుపు మూయడం లేదు. సంతోషమే, కాదనను. కానీ నాకు ఒక్కటే తిరిగి తిరిగి మనసులో మెదులుతుంది. జ్వరం లేని మనిషి ఒక్కరు దాన్ని తింటూ కనిపిస్తే చాలు, వీధి వీధంతా అలవాటు పడుతుందని అత్తయ్య మొదటినుంచీ అంటూనే ఉంది. ఆ వేసవి నుంచి దసరా దాకా మా ఇంట్లో మేం నలుగురం ఉన్నాం. ఒక్కరికీ కనీసం పడిశం కూడా లేదు.