లెక్కలక్క పక్కింటి పుస్తకం

లెక్కలక్క గేటు దగ్గర నిలబడి ఒక్క తుమ్ము తుమ్మితే చాలు, ఆ ఇంట్లో ఎందరున్నారో, ఎందరు పనికి వెళ్తున్నారో, ఎందరు వెళ్తున్నామని చెప్పి టీ కొట్టు బల్ల అరగదీస్తున్నారో ఆమెకు తెలిసిపోతుందని వీధిలో చెప్పుకునేవారు. కాస్త ఎక్కువే చెప్పుకునేవారనుకోండి. రెండు తుమ్ములు పట్టేది.

ఆమె ఉద్యోగం పని నేర్పే కేంద్రంలో. ఇల్లిల్లూ తిరిగి, ఎవరి వయసెంత, ఎవరికే పని వచ్చు, ఎవరికేం నేర్పిస్తే ఏ ఫ్యాక్టరీలో పనికొస్తారు అని రాసుకు రావాలి. పంతొమ్మిదేళ్ళుగా తిరుగుతోంది. పంతొమ్మిదేళ్ళుగా ఆ ఉద్యోగం తాత్కాలికమే. చేరిన రోజున కొన్న గొడుగు మూడుసార్లు బట్ట మార్చుకుంది గానీ, ఉద్యోగం మాత్రం పర్మనెంటు కాలేదు.

ఈలోగా ఊరు పొంగుతున్న పాలలా పెరిగింది. పొద్దున ఆరేసిన చీర సాయంత్రం తీసుకుందామని వెళ్తే, దాని వెనక మూడంతస్తుల మేడ లేచి, పై వాటాలో ఎవరో అద్దెకు దిగి, "ఈ చీర ఎవరిదండీ, మా కిటికీకి అడ్డం" అని మనల్నే నిలదీసేవారు. జనం ఇంతమంది ఉన్నారు కదా, కంపెనీలు రావేం? ఆ ప్రశ్నే పై ఆఫీసు నుంచి బెదిరింపు ఉత్తరం రూపంలో వచ్చింది. నెలాఖరులోగా ఏదో ఒక కంపెనీ నలభై మందిని తీసుకుంటామని సంతకం పెట్టాలి. పెట్టకపోతే కేంద్రానికి తాళం. తాళంతో పాటు లెక్కలక్కకీ సెలవు.

సరిగ్గా అప్పుడే నీళ్ళ మోటార్లు చేసే కంపెనీ ఒకటి ఎనిమిది ఊళ్ళు చూస్తోందని తెలిసింది. "మన పనివాళ్ళ గురించి పుస్తకం పంపమన్నారు. అందులో మన ఊరు బంగారంలా కనపడాలి" అన్నాడు కేంద్రం ఆఫీసరు, బంగారం తానే తవ్వినట్టు మీసం దువ్వుకుంటూ.

ఇక్కడ లెక్కలక్క పని తీరు గురించి కొంచెం చెప్పాలి. చేరిన కొత్తలో ఆమె ఎవరి గురించి వాళ్ళనే అడిగేది. అడిగితే ఏమైంది? వీధి వీధంతా మేనేజర్లే. కుక్క కరిచినవాడు "జంతువులతో అనుభవం ఉంది" అని రాయించుకున్నాడు. నిచ్చెన మీంచి పడ్డవాడు ఎత్తైన చోట్ల పనిచేశానన్నాడు. దాంతో ఆమె రెండు పుస్తకాలు పెట్టింది. ఒకటి ఆఫీసుది. అందులో ఎవరు ఏం చెబితే అదే. రెండోది తన సొంతానికి. అందులో ఒక మనిషి గురించి పక్కింటివాళ్ళు ఏమన్నారో రాసేది. దానికి పక్కింటి పుస్తకం అని తనే పేరు పెట్టుకుంది. పుస్తకాలంటే ప్రాణం కాబట్టి రెండింటికీ పాత క్యాలెండరు కాగితంతో, ఒకే జలపాతం బొమ్మతో, చక్కగా అట్టలు వేసింది.

ఆ అట్టలే కొంప ముంచాయి.

పుస్తకం పార్సెల్ కట్టి పంపిన మర్నాడు మధ్యాహ్నం ఆమె అన్నం గిన్నె కోసం సంచీలో చెయ్యి పెట్టింది. జలపాతం చేతికి తగిలింది. తెరిచింది. మొదటి పేజీలో అందంగా అచ్చు వేసి ఉంది: "మా ఊరి శ్రామికులు నిపుణులు, క్రమశిక్షణ గలవారు." అన్నం గిన్నె సంగతి మరిచి ఆఫీసరు దగ్గరికి పరిగెత్తింది.

"సార్, నేను పంపింది ఇది కాదండీ."

"మరేది?"

"రెండోదండీ."

"రెండోదంటే?"

"రెండ్లమిట్ట వీధి తాపీమేస్త్రి కట్టిన గోడ తుమ్మితే వంగుతుందని రాశానే... అదండీ."

ఆఫీసరు కుర్చీలో కూర్చునే ఉన్నాడు గానీ, కుర్చీ లేకపోయినా అలాగే గాల్లో ఉండిపోయేవాడేమో. మీసం దువ్వడం ఆపి, "అందులో నా గురించి కూడా ఉందా?" అని అడిగాడు. లెక్కలక్క గొడుగు వెతుక్కునే పనిలో పడింది.

మూడో రోజు కంపెనీ మేనేజరమ్మ దిగింది. బక్కపలచని మనిషి, మాట పొదుపు. చంకలో జలపాతం, అందులోంచి పక్షి ఈకల్లా చీటీలు. వార్త అప్పటికే వీధులన్నీ తిరిగొచ్చింది కాబట్టి కేంద్రం షెడ్డు నిండిపోయింది. అందరికంటే ముందు బెంచీ మీద లెక్కలక్క మరిది, ఇస్త్రీ చొక్కాలో, పదకొండు సర్టిఫికెట్లున్న సంచీతో. మెకానిక్ అంటే ఊళ్ళో అతనే. ఆఫీసు పుస్తకంలో అతని పేరు మొదటి పేజీలో ఉంది. అతని భార్య, అంటే లెక్కలక్క తోడికోడలు, గుమ్మం బయట గోడకానుకుని నిలబడింది. ఆఫీసు పుస్తకంలో ఆమె పేరుకెదురుగా "ఇంటిపని" అని ఉంది, అంటే ఏ పనీ రాదని లెక్క.

మేనేజరమ్మ ఒక చీటీ దగ్గర పుస్తకం తెరిచి చదివింది. "పద్నాలుగో ఇల్లు. సర్టిఫికెట్లు పదకొండు. వీధిలో ఏ మోటారు చెడినా ఇతన్నే పిలుస్తారు. ఇతను పెరట్లోకి తీసుకెళ్తాడు. అక్కడ భార్య బాగుచేస్తుంది. ఇతను బయటికొచ్చి చేతులు తుడుచుకుంటాడు. చెప్పింది: నేనే, పక్కింటి కిటికీలోంచి చూసి."

మరిది మొహం ముందు ఎర్రబడి, తర్వాత తెల్లబడి, ఆ తర్వాత ఏ రంగూ మిగల్లేదు.

"వదినా! నువ్వు మా పెరట్లోకి చూస్తావా?"

"మీ పెరడే మా కిటికీకి ఎదురొచ్చింది మరిదీ. నేను పిలవలేదు."

"అబద్ధం మేడమ్! మా ఆవిడకి స్క్రూడ్రైవరు ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలీదు!"

మేనేజరమ్మ వాదించలేదు. కారులోంచి పాడైపోయిన మోటారు ఒకటి తెప్పించి బల్ల మీద పెట్టించింది. స్విచ్ వేస్తే మోటారు మూలుగుతోంది, తిరగడం లేదు. "చూడండి" అంది మరిదితో.

మరిది చొక్కా చేతులు మడిచాడు. ఒక బోల్టు విప్పాడు. రెండోది విప్పాడు. పదహారు బోల్టులు విప్పి వరసగా పేర్చి, వాటి వంక ప్రేమగా చూశాడు. తర్వాత ఏం చేయాలో తోచక వాటిని తుడిచాడు. గుమ్మం బయట తోడికోడలు కొంగు నోట్లో కుక్కుకుంది, చెప్పేస్తానేమోనని. లెక్కలక్క మాత్రం మనసులో లెక్క వేసుకుంటోంది. తను రాసింది తప్పయిందంటే కంపెనీ వెనక్కి, కేంద్రానికి తాళం, పైగా ఇంట్లో జీవితాంతం పోరు.

"అక్కడ విప్పుతారేంటండీ!" ఇక ఉండబట్టలేక తోడికోడలు లోపలికొచ్చేసింది. "ముందు స్విచ్ ఆపండి." మోటారు వెనకున్న ఫ్యాను రెక్కను వేలితో తిప్పింది. గిర్రున తిరిగింది. "చెయ్యి పెడితే తిరుగుతోంది, కరెంటిస్తే మూలుగుతోంది. తొలి తోపు ఇచ్చే కండెన్సరు పోయింది. ఆ బోల్టులు మళ్ళీ బిగించండి, చాలు."

కారులోంచి కొత్త కండెన్సరు తెచ్చి మార్చారు. స్విచ్ వేశారు. మోటారు ఎంత జోరుగా తిరిగిందంటే ఆఫీసరు బల్ల మీది కాగితాలు పక్క వీధిలో దొరికాయని ఇప్పటికీ చెబుతారు.

మేనేజరమ్మ అప్పుడు నోరు విప్పింది. "ఏడు ఊళ్ళ పుస్తకాలు చూశాను. ఏడింట్లోనూ అందరూ నిపుణులే. ఎవరు పొద్దున లేవరో, ఎవరికి నేర్పిస్తే వస్తుందో, ఎవరు నేర్చుకోకుండానే నేర్చారో రాసింది ఇదొక్కటే." నలభై మందికి సంతకం పెట్టింది. రెండు షరతులు. ఇరవై ఏళ్ళనాటి టైపు మిషన్లు షెడ్డులోంచి తీసేసి మోటారుకు తీగ చుట్టే వైండింగ్ పని నేర్పాలి. నేర్పడానికి పద్నాలుగో ఇల్లావిడ రావాలి.

ఆఫీసరు వెంటనే లేచి, ఈ రెండు పుస్తకాల పద్ధతి తన ఆలోచనేనని ఉపన్యాసం మొదలుపెట్టాడు. మేనేజరమ్మ ఒక చీటీ తీసి, అతని గురించి ఉన్న ఆ పేజీ అతనికే చూపించింది. ఉపన్యాసం అక్కడే అయిపోయింది.

కేంద్రం నిలబడింది. అయితే లెక్కలక్కకు కొత్త చిక్కు వచ్చింది. పక్కింటివాళ్ళ మాటతో ఉద్యోగాలొస్తాయని తెలిసిన రోజు నుంచి ఊళ్ళో పక్కింటివాళ్ళందరూ ఒప్పందాలు చేసుకున్నారు. ఏ గేటు దగ్గర ఆగినా "మా పక్కింటాయనా? దేవుడండీ" అనే మాటే. పక్కింటాయనను అడిగితే "ఈయనా? అంతకంటే పెద్ద దేవుడు." వారం తిరిగేసరికి పుస్తకం నిండా దేవుళ్ళే. ఆఫీసు పుస్తకానికీ దీనికీ తేడా లేకుండా పోయింది.

లెక్కలక్క రెండు రోజులు ఆలోచించి మార్గం కనిపెట్టింది. పక్కింటివాళ్ళను కాదు, ఒకరితో ఒకరికి మాటలు లేనివాళ్ళను అడగాలి. పోట్లాడుకున్నవాళ్ళకు ఒప్పందాలుండవు. ఊళ్ళో పోట్లాటలకు కొరతా లేదు. పుస్తకం మళ్ళీ కళకళలాడింది.

తోడికోడలు మాత్రం పెరటి సంగతి రాసినందుకు నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. రోజూ నలభై మందికి పాఠం చెబుతోంది. వాళ్ళలో మొదటి బెంచీ మీద ఆమె మొగుడే. క్లాసులో "మేడమ్" అనాలని షరతు. ఆ మాట అనేటప్పుడు అతని గొంతులో పదహారు బోల్టులు అడ్డుపడేవి.

ఇంతలో పై ఆఫీసు మరో కాగితం పంపింది. లెక్కలక్క ఉద్యోగం పర్మనెంటు చేయాలంటే ఆమె పని గురించి ఎవరైనా రాసివ్వాలట. ఆఫీసరు తానే రాస్తానన్నాడు. ఆమె వద్దంది. తన పద్ధతి తనకూ వర్తించాలి కదా. కాగితం పట్టుకుని పక్కింటికి, తనతో మాటలు లేని తోడికోడలి దగ్గరికి వెళ్ళింది.

తోడికోడలు తలుపు తీసి కాగితం లాక్కుంది. గంటసేపు రాసింది. లెక్కలక్క గుమ్మంలో నిలబడే ఉంది. కాళ్ళు పీకుతున్నా కూర్చోమని ఎవరూ అనలేదు. చివరికి కాగితం ఆమె చేతిలో పడేసి తోడికోడలు లోపలికెళ్ళిపోయింది.

వీధి మలుపులో గొడుగు కింద నిలబడి లెక్కలక్క చదువుకుంది.

"ఈవిడ నోరు ఆగదు. కూర మాడుస్తుంది. కిటికీ మూయదు. పంతొమ్మిదేళ్ళలో ఒక్క ఇల్లు వదల్లేదు, ఎండకూ వానకూ. మా గురించి రాసిన దాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. నా బాధంతా అదే."

కింద సంతకం చేసి, పక్కన చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది: "అక్కా, రేపు మీ మిక్సీ తీసుకురా, అది అరుస్తున్న అరుపు మా పెరట్లోకి వినిపిస్తోంది."