మట్టికి ఇవ్వని ముక్క

రోజూ పొద్దున కొడుకును లేపకముందే ఖుష్నుమా వాడి చొక్కా పైకి జరిపి పొట్ట మీద అరచేయి ఆనిస్తుంది. మెత్తగా ఉందనుకున్నాకే వంటింట్లోకి వెళుతుంది.

బోయిగూడలో ఒక టైలర్ దుకాణంలో ఆమె జాకెట్లు కుడుతుంది. కొడుకు హుజైఫా ఏడో నెలలోనే పుట్టాడు. ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉన్న బిడ్డ బరువు పెరుగుతున్నాడని ఇంట్లో అందరూ సంతోషిస్తుండగా పాలు కక్కడం మొదలైంది. పొట్ట ఉబ్బి నిగనిగలాడింది. నెలలు నిండని పిల్లలకు వచ్చే పేగు జబ్బు ఇదని, పేగులో కొంత భాగం చచ్చిపోయిందని, వెంటనే తీసెయ్యాలని సర్జన్ చెప్పాడు.

ఆపరేషన్‌కు సంతకాలయ్యాక సృజన అనే పరిశోధక డాక్టర్ వచ్చింది. తీసేసిన పేగులోంచి చిన్న ముక్క తమ పరిశోధనకు ఇస్తారా అని అడిగింది. ఇవ్వకపోయినా వైద్యంలో తేడా రాదని, ఇచ్చినా ఈ బిడ్డకు లాభం లేదని ముందే చెప్పింది.

"కణాల్లో ఆర్ఎన్ఏలు ఉంటాయమ్మా. కొన్ని ప్రోటీన్ తయారీకి సమాచారం మోస్తాయి. కొన్ని మోయవు, కానీ ఏ ప్రోటీన్ ఎంత తయారు కావాలో అదుపు చేస్తాయి. ఈ జబ్బులో అవి మారుతున్నట్టుంది. ఏవి మారుతున్నాయో తేలితే, పొట్ట ఉబ్బకముందే రక్తంలో పట్టుకోవచ్చేమో."

"మా దుకాణంల మాస్టర్ సుత గంతే మేడం. ఒక్క కుట్టు వెయ్యడు. అందరి మిషన్లు ఆయన చెప్తేనే నడుస్తయి."

సృజన నవ్వింది. "తీసిన వెంటనే దాన్ని గడ్డకట్టించాలి. ఆలస్యమైతే ఆర్ఎన్ఏ చెడిపోతుంది. అందుకే ఇప్పుడే అడుగుతున్నా."

అత్త హనీఫాకు నవ్వు రాలేదు. ఒంట్లోంచి ఏది కోసి తీసినా వాళ్లింట్లో ఖబ్రస్తాన్‌లో పూడ్చిపెడతారు.

"మీ మామకు షుగర్‌తోని కాలివేళ్లు తీసేస్తే తెల్లగుడ్డల చుట్టి మట్టిల పెట్టినం. పసిపిల్లగాని పేగు సీసాల పెట్టిస్తవా? రేపు ఖయామత్ నాడు అదేదని అల్లా అడిగితే ఏం చెప్తవ్?"

"నన్నే అడగమను అత్తమ్మా. ఇంకో తల్లి గిట్ల ఏడ్వొద్దని ఇచ్చిన అని చెప్తా."

"జావీద్, నీ పెండ్లాం మాటలు విన్నవారా?"

జావీద్ గోడ వైపు చూశాడు. "అమ్మీ చెప్పినట్టే చేద్దాం. జెర ఊకో" అన్నాడు భార్యతో.

"ఎందుకు ఊకుంట? పొట్ట ఉబ్బేదాక ఎవ్వరికీ తెల్వలే. ఆ జబ్బు ఏం జేసిందో ఆ ముక్కల్నే ఉన్నది. దాన్ని సుత మట్టిల దాయాల్నా?" ఖుష్నుమా చెయ్యి చాపింది. "పెన్ను ఇయ్యుండ్రి మేడం."

సంతకం పెట్టింది. బిడ్డ బతికాడు. పరీక్షలయ్యాక మిగిలిన పేగును హనీఫా ఆసుపత్రిలో అడిగి తెచ్చుకుని కొడుకుతో పూడ్పించింది, సగం దానికి దువా ఎట్ల చేస్తమని సణుగుతూనే.

సంగతి గల్లీ అంతా పాకింది. జాకెట్ కుట్టించుకోవడానికి వచ్చిన బాలమ్మ కొలతలు ఇస్తూ, "కొడుకు పేగు డాక్టర్లకు అమ్మినవంట" అంది.

"అమ్మలే అక్కా, ఊకెనే ఇచ్చిన. మళ్ల అడిగినా ఇస్తా. చేతులు జెర పైకి లేపు."

ఆ పరిశోధన ఇంకా నడుస్తోంది. రక్తపరీక్ష ఏదీ ఇంతవరకు రాలేదని సృజన ఫోన్‌లో దాచకుండా చెబుతుంది. హుజైఫాకు ఇప్పుడు మూడేళ్లు. ఖుష్నుమా అత్తతో ఒకే ఇంట్లో ఉంటోంది. కోడలితో ఏదైనా చెప్పాల్సి వస్తే హనీఫా ఇప్పటికీ నేరుగా చెప్పదు, మనవడితో చెప్పిస్తుంది.