ఈల పలకని ఇంజను

మొన్న వంటింట్లో కుక్కరు ఈల వేయకుండా ఉస్సుమంటూ ఆవిరి వదులుతుంటే, మా కోడలు గరిట తిప్పి దాని నెత్తిన ఒకటి వేయబోయింది. "కొట్టొద్దమ్మా!" అని నేను అరిచిన అరుపుకు గరిట కింద పడింది. ఆ తడి ఆవిరి ముఖానికి తగలగానే, అరవై ఏళ్ల కిందటి ఒక ఇత్తడి ఇంజను, దాని ముందు కళ్లు మూసుకుని కూర్చున్న మస్తాన్ మామ గుర్తొచ్చారు. ఈ కాలపు మెకానిక్కులంటే నాకు ఒళ్లుమంట. పట్టా తెచ్చి గోడకు వేలాడదీస్తారు గాని, వస్తువు ఏం చెబుతోందో వినరు. "మార్చేయండి సార్" అంటారు. వినడమంటే ఏమిటో నేను ఒకే ఒక మనిషి దగ్గర చూశాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను జమ్మలమడుగులో ఒక హైస్కూలు అటెండరును. మూడో తరగతితో చదువు ఆగినవాణ్ణి. సైన్సు గది బీరువాలు తుడుస్తూ, అందులోని పుస్తకాలు కూడబలుక్కుని చదువుకున్నాను. ఆ గదిలో మూరెడు పొడవు రైలింజను నమూనా ఉండేది. స్పిరిటు దీపం వెలిగిస్తే బాయిలర్లో నీళ్లు మరిగి, చక్రాలు తిరిగి, పైనున్న ఈల కూసేది. రైలు ముఖం చూడని పిల్లలు ఆ కూతకు బెంచీలెక్కి గంతులేసేవాళ్లు. ఇత్తడి ముక్కలు అతికి దాన్ని చేసిచ్చింది మస్తాన్ మామే. ఒకప్పుడు గుంతకల్లు రైలు షెడ్డులో పనిచేసి, తర్వాత ప్రొద్దుటూరులో స్టవ్వులు, హార్మోనియాలు బాగుచేసేవారు.

ఒక ఏడు దసరా వెళ్లాక ఆ ఈల మూగబోయింది. చక్రాలు తిరుగుతున్నాయి, కూత మాత్రం లేదు. మర్నాడే దాన్ని పులివెందుల బడికి తీసుకెళ్లి చూపించాలి. హెడ్మాస్టరు నన్ను పిలిచి, "ఆ గది తాళంచెవి నీ దగ్గరేగా ఉండేది? ఈల పలికితే పులివెందులకు రా. పలక్కపోతే తాళంచెవి నా బల్ల మీద పెట్టి ఇంటికి పో" అన్నారు. జీతం పోతే ఇంకోచోట కూలికి పోవచ్చు. ఆ బీరువాల్లోని పుస్తకాలు పోతే నాకింకేముంది?

ఇంజన్ను తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని ప్రొద్దుటూరు బస్సెక్కాను. దారి పొడుగునా కోపం కాచుకుంటూ పోయి, దుకాణం గడప దగ్గరే అందుకున్నాను.

"ఏం అతుకేసినావు మామా! ఏడాది తిరక్కముందే నోరు పడిపాయ. నీ పనికి నా కూడు పోతాంది!"

ఆయన చేతిలోని హార్మోనియం మెట్టు పక్కన పెట్టి నవ్వారు. "పడిపోయింది దాని నోరు గదా, నీది బాగనే ఉండాదే. కూచో అప్పా. కడసారి ఎప్పుడు కూసింది?"

"దసరా ముందు."

"మళ్లా ఎవురు ముట్టుకున్నారు?"

"నేను తప్ప ఎవురూ ముట్టరు. నేనేం చేయలేదు!"

"చేసినావని నేనన్నానా? శానా తొందర నీకు."

ఆయన పనిముట్లు ఏవీ తీయలేదు. దీపం వెలిగించి, ఆవిరి లేచేదాకా కళ్లు మూసుకుని కూర్చున్నారు. తర్వాత గ్లాసులో వేలు ముంచి బాయిలరు మీద ఒక నీటిచుక్క వేశారు. చుయ్యిమంది. గొట్టం వంపు మీద ఇంకో చుక్క. అదీ చుయ్యిమంది. ఈల మొదట్లో మూడోది.

"బాయిలరు సరే. గొట్టమూ సరే. ఈడిదాంకా ఆవిరి వస్తాంది. ఇంక యాడుంటాది తప్పు?" అని ఇంజన్నే అడిగారు.

నేను పుస్తకంలో చదివిన ఆవిరి, ఆయన వేలికొసకు తన దారంతా చెప్పుకుంటూ పోతోంది. నా కోపం ఎప్పుడు చల్లారిందో నాకే తెలియలేదు.

దీపం ఆర్పి, వేడి తగ్గాక ఈలను విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత నా చేతికిచ్చి, "వాసన చూడు" అన్నారు.

గంధం.

ఆయుధపూజ నాడు గదిలోని తక్కెడకూ కత్తెరకూ ఇంజనుకూ గంధం రాసి కుంకుమ పెట్టింది నేనే. పూజ చేయడం కూడా ముట్టుకోవడమేనని నాకు తోచనేలేదు! ఇంజనుకు ఇంకాస్త భక్తిగా, కూత వచ్చే చోటనే దట్టంగా పూశాను. అది సన్నటి చీలికలోకి జారి గట్టిపడిపోయింది.

తిడతారనుకున్నాను. ఆయన ఈలను వేన్నీళ్లలో నానబెట్టి, వేపపుల్ల చీల్చి, గంధమంతా నెమ్మదిగా తీశారు. ఆ నీళ్లు వీధిలో పారబోయలేదు. గోడవార మల్లెచెట్టు మొదట్లో పోసి, "పూజ గంధం, తొక్కగూడదు" అన్నారు. ఈల బిగించి, ఇంజను ముందుభాగాన ఉన్న గుండ్రటి బిళ్ల మీద వేలు పెట్టారు.

"బొట్టు పెట్టొద్దనడం లేదప్పా. నువ్వు పెట్టింది దాని గొంతు మీద. నుదురు ఈడుంది, సూడు."

మళ్లీ దీపం వెలిగించారు. కూత లేచింది. ఎదుటి బంగారం అంగడిలోని కంసాలి పని ఆపి తలెత్తాడు.

"హెడ్మాస్టరుకు ఏం చెప్పేది మామా? అతుకూడిందని చెప్తే..." అని నసిగాను.

"నోరు నీది, నీ ఇష్టం. నా అతుకైతే ఊడలేదు."

సాయంత్రం హెడ్మాస్టరు ముందు ఇంజన్ను కూయించి, తప్పు నాదేనని చెప్పి, తాళంచెవి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని నావైపు తోసి, "రేపు పులివెందులకు ఈ ఇంజన్ను ఎవరు మోస్తారు, నేనా? తీసుకో" అన్నారు.

మస్తాన్ మామ పోయి చాలా ఏళ్లయింది. నా కోపం మాత్రం పోలేదు, పోదు కూడా. అయినా ఇంట్లో ఏ వస్తువు మూగబోయినా, ఎవరు పాడుచేశారని అడగను. కడసారి ఎప్పుడు పలికిందో అడుగుతాను. తర్వాత నా చేతులు వాసన చూసుకుంటాను.

మొన్న కుక్కరు ఈల విప్పి కడిగితే పప్పుపొట్టు బయటపడింది. ఆ పూట కుక్కర్లో పప్పు పోసింది నేనే.